పెద్దరికం వేరు, పెత్తనం వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పుస్తకాల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అధికారం గురించిన సామాజిక శాస్త్ర పుస్తకాలు, ప్రయోగ కవిత్వం, అనువాదాల మీద వచ్చే పుస్తకాలు, ఈ మూడూ యూనివర్సిటీ వాళ్ళకే గానీ మామూలు పాఠకులకు పట్టవని, జిల్లాల్లో వాటిని అడిగేవాళ్ళే లేరని, అందుకే ఇకమీదట వాటికి చోటు తగ్గిస్తామని రాశారు. ఆ ముక్క చదివినప్పటి నుంచి నా మనసు ఊరుకోవడం లేదు. నేను కావలిలో డిగ్రీ పిల్లలకు పదిహేడేళ్ళుగా పొలిటికల్ సైన్స్ చెబుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలే ఎక్కువ. ఇప్పుడు పాఠ్యపుస్తకం ఇంగ్లిషులో ఉన్నా, అర్థం చేసుకునేది మాత్రం తెలుగులోనే. ఆ మూడు రకాల పుస్తకాలు కావలసినవాళ్ళు నాకు రోజూ కనబడతారు. కాకపోతే వాళ్ళు పుస్తకం పేరు చెప్పి అడగరు, అంతే తేడా.

ఒక క్లాసు సంగతి చెబుతాను. పోయినేడు వానాకాలంలో, సెకండియర్ పిల్లలకు బోర్డు మీద 'అధికారం' అని రాసి, అంటే ఏంటో చెప్పమన్నాను. కలెక్టర్, ఎమ్మార్వో, ఎస్సై, ఎమ్మెల్యే, ఇవే జవాబులు. తెలుగులో ఆ మాట అన్నాక ఆఫీసరు తప్ప ఇంకేం గుర్తుకొస్తాడు? అధికారి అంటేనే ఆఫీసరు. ఇంతలో చివరి బెంచీలో కూర్చునే పిల్లాడు, సముద్రం ఒడ్డు పల్లె నుంచి బస్సులో వచ్చేవాడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, "మేడమ్, దురాయి కూడా అధికారమేనా?" అన్నాడు. సగం క్లాసు వెనక్కి తిరిగి చూసింది.

మన తీరం సంగతి తెలియని పాఠకుల కోసం చెబుతున్నా. మత్స్యకారుల పల్లెల్లో ఊరి పెద్దలు కూర్చుని, ఫలానా పని చేయకూడదని, ఫలానా రోజు ఎవరూ వేటకి పోకూడదని కట్టడి చేస్తే దాన్ని దురాయి అంటారు. పాత నిఘంటువుల్లో కూడా ఉందీ మాట, రాజు పేరు మీదో దేవుడి పేరు మీదో పెట్టే ఆన అని. వాడికి నిఘంటువు సంగతి తెలియదు, దురాయి తెలుసు. వాడు చెప్పింది నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను: "గవర్నమెంటోళ్ళు ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా వేట ఆపమంటారు గదా మేడమ్. దానికైతే డబ్బులు పడినాయా లేదా అంటారు, బోటు మీద ఎవురన్నా వస్తన్నారా అని చూస్తారు. దురాయికి అట్టా చూడరు. ఎవురూ కాపలా లేకపోయినా ఒక్క పడవ నీళ్ళల్లో దిగదు."

ఎడిటర్ గారూ, ఆ పిల్లాడు రెండు నిమిషాల్లో చెప్పింది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ పుస్తకంలో అసలు ముడి. వెబర్ 1920లో పోయాడు, ఆయన పెద్ద పుస్తకం 1922కి గానీ పూర్తిగా బయటికి రాలేదు. అందులో ఆయన రెండు మాటల్ని విడదీశాడు. ఒకటి 'మాహ్ట్': ఎదుటివాడు అడ్డం తిరిగినా సరే నా పంతం నెగ్గించుకోగలగడం. రెండోది 'హెర్‌షాఫ్ట్': నేను ఒక మాట చెబితే ఫలానా వాళ్ళు వింటారు అన్న పరిస్థితి. మొదటిదానికి కండ చాలు. రెండోదానికి వినేవాళ్ళ మనసులో ఏదో ఒక ఒప్పుదల ఉండాలి. ఆ ఒప్పుదల తాతల నాటి ఆచారం వల్ల రావచ్చు, ఒక మనిషిలోని ఆకర్షణ వల్ల రావచ్చు, రాసిపెట్టిన చట్టం వల్ల రావచ్చు అంటాడు. అరవై ఒక్క రోజుల వేట నిషేధం చట్టం, దురాయి ఆచారం. ఒకే సముద్రం, ఒకే పడవ, అందులో ఉన్నది ఒకే మనిషి. వాడికి వెబర్ ఎందుకు అక్కర్లేదో మీరే చెప్పాలి.

ఇక్కడే అనువాదం సంగతి వస్తుంది. ఈ హెర్‌షాఫ్ట్ అనే మాట ఇంగ్లిషు వాళ్ళని చాలా ఇబ్బంది పెట్టింది. 1947లో వచ్చిన అనువాదంలో టాల్కట్ పార్సన్స్ ఒక రకంగా రాశాడు, 1968లో మొత్తం పుస్తకం వచ్చినప్పుడు ఇంకో మాట పెట్టారు. ఒకరి మాటలో మెత్తదనం ఎక్కువ, ఇంకొకరి మాటలో తొక్కిపెట్టడం ఎక్కువ. అసలు మాటలో రెండూ ఉన్నాయి. నాకు జర్మన్ రాదు. కానీ ఆ మాటని విప్పి చూపిస్తే నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. 'హెర్' అంటే దొర, అయ్యగారు. 'షాఫ్ట్' అంటే మన 'తనం' లాంటి తోక. దొరతనం! మన పాత తెలుగులో సర్కారుని 'దొరతనం వారు' అనే రాసేవాళ్ళు. ఇంగ్లిషులో ఇన్నేళ్ళు తన్నుకున్న మాట మనకు మన పాత కాగితాల్లో అచ్చంగా ఉంది, దాన్ని వదిలేసి మన అనువాదాల్లో 'ఆధిపత్యం' అని రాసుకుంటున్నాం. అదే 'ఆధిపత్యం' ఇంకో నాలుగు వేరువేరు మాటలకు కూడా వాడుతున్నాం. పిల్లలు అన్నీ ఒకటే అనుకుంటే తప్పు వాళ్ళదా?

దొరతనం అన్న మాటకి అభ్యంతరం ఉందని ఒప్పుకుంటాను. తెలంగాణలో 'దొర' అంటే గడీ గుర్తుకొస్తుంది, అక్కడి పాఠకులకు ఆ మాట మరీ ఇరుకైపోతుంది, అంతేకాదు నొప్పిగా తగులుతుంది. మా వైపు దొర అంటే మొదట తెల్లదొర, తర్వాత జమీందారు, ఆ తర్వాత ఎవరైనా సరే. వెంకటగిరి ఎస్టేటు రైతులు చేసిన పోరాటాలు, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం, ఇవన్నీ ఆ మాట వెనకాల ఉన్నాయి. కాబట్టి అందరికీ అదే పెట్టమనను. నేననేది ఒకటే, ఆ గొడవ తెలుగులో జరగాలి. రెండు ప్రాంతాల వాళ్ళు ఒక మాట మీద మీ పేజీలో నాలుగు వారాలు పోట్లాడుకుంటే, నాలుగు వారాల్లో వెబర్ తెలుగువాడైపోతాడు.

ఆ రోజు క్లాసు అక్కడితో ఆగలేదు. సరే, ఇలాంటివి మీకు తెలిసిన మాటలన్నీ చెప్పండి అన్నాను. పెత్తనం, పెద్దరికం, బలం, దర్పం, దబాయింపు, జులుం, చలాయించడం, మాట చెల్లుబాటు కావడం, పలుకుబడి. బోర్డు నిండిపోయింది. ఒక అమ్మాయి లేచి, "పెద్దరికం వేరు, పెత్తనం వేరు మేడమ్. పెద్దరికం మనం ఇస్తాం, పెత్తనం వాళ్ళు చేస్తారు. మా నాయనమ్మకి పెద్దరికం ఉండాది, మా పెదనాయనకి పెత్తనం ఉండాది" అంది. క్లాసంతా నవ్వారు గానీ నేను చాక్‌పీసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఎందుకంటే ఆ ముందు రోజు రాత్రే ఒక అనువాద పుస్తకంలో ఇదే విషయం చదవడానికి ప్రయత్నించి, 'సాధికారిక వైధత్వ ప్రాప్తి' లాంటి మాటల దగ్గర మూడుసార్లు ఆగిపోయి పుస్తకం మూసేశాను. ఇరవై ఏళ్ళ పిల్ల ఒక క్రియాపదంతో తేల్చేసింది, ఇస్తాం, చేస్తారు అని.

పలుకుబడి గురించి కొంచెం ఆగి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన మాట. పియరీ బోర్దియూ అనే ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఉన్నాడు, 2002లో పోయాడు. భాష అంటే ఒట్టి సమాచారం చేరవేసే సాధనం కాదు, ఎవరు మాట్లాడితే దానికి విలువ వస్తుందో, ఎవరి యాస వింటే ఎదుటివాడు సర్దుకుని కూర్చుంటాడో అందులోనే అధికారం ఉంటుందని ఒక పుస్తకమే రాశాడు, 1982లో వచ్చింది. మన భాషలో 'పలుకుబడి' అంటే మాట తీరు. తెలుగు పలుకుబడి, నెల్లూరు పలుకుబడి అంటాం. అదే మాటకి ఇంకో అర్థం, నలుగురిలో చెల్లే శక్తి. ఆయనకి పలుకుబడి ఉంది అంటాం. బోర్దియూ పుస్తకమంతా తిరిగి తిరిగి చెప్పిన సంగతి మనవాళ్ళు ఎప్పుడో ఒక్క మాటలో కట్టిపెట్టుకున్నారు. మా ఊరి పిల్లలు హైదరాబాదు ఇంటర్వ్యూలకి పోయి, "ఉండాది, పోతా ఉండాం" అన్న మాట నోట్లోంచి జారుతుందేమోనని టెన్షన్ పడి సగం మాటలు మింగేసి వస్తారు. వాళ్ళకి ఈ పుస్తకం పనికిరాదా? నాకైతే ఇంతకంటే పనికొచ్చే పుస్తకం తోచడం లేదు.

మిషెల్ ఫూకో అనే ఇంకో ఫ్రెంచి ఆలోచనాపరుడి సంగతి కూడా ఇలాంటిదే. జైళ్ళ మీద ఆయన ఫ్రెంచిలో 1975లో రాసిన పుస్తకాన్ని 1977లో ఆలన్ షెరిడన్ ఇంగ్లిషులోకి తెచ్చాడు. పేరులోని మొదటి మాట 'సుర్వేయే'కి సరైన ఇంగ్లిషు దొరక్క, చివరికి ఫూకోనే ఇంకో పేరు సూచించాల్సి వచ్చిందని అనువాదకుడే ముందుమాటలో రాసుకున్నాడు. ఆ ఫ్రెంచి మాటకి తెలుగులో నిఘా అంటే పోలీసు వాసన వస్తుంది, కాపలా అంటే తోట గుర్తొస్తుంది. కానీ 'కనిపెట్టుకుని ఉండటం' అని మనకి ఒకటుంది చూడండి. జ్వరంలో ఉన్న బిడ్డని తల్లి కనిపెట్టుకుని ఉంటుంది. హాస్టలు పిల్లల్ని వార్డెన్ కనిపెట్టుకుని ఉంటుంది. ప్రేమ ఏదో కట్టడి ఏదో విడదీయలేని చోట్ల, ఈ తెలుగు మాట ఇంగ్లిషు మాట కంటే ఒక అడుగు ముందే ఉంటుందని నా నమ్మకం.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మీ వ్యాసంలో ఈ మూడు రకాల పుస్తకాల్ని మూడు అరల్లో పెట్టి, మూడింటికీ తాళం వేశారు. నెల్లూరులో కూర్చుని చూస్తే నాకు అవి మూడు అరలుగా కనబడవు. తిక్కనని తీసుకోండి. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. రాజ్యం పోయిన రాజు కోసం ఓరుగల్లు గణపతిదేవుడి దగ్గరికి రాయబారం వెళ్ళాడని చెబుతారు. అంటే బలవంతుడి ముందు నిలబడి ఏ మాట ఎంత మెత్తగా అనాలో, ఎక్కడ బిగించాలో అనుభవం ఉన్న మనిషి. ఆయన సంస్కృత భారతంలో విరాటపర్వం మొదలు చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. అందులో ఉద్యోగపర్వం ఉంది, కృష్ణ రాయబారం ఉంది. రాయబారానికి బయల్దేరే కృష్ణుడి ముందు ద్రౌపది తన జుట్టు చేత్తో పట్టుకుని చూపిస్తూ మాట్లాడే పద్యం మా తాతగారి తరంలో బడికి పోనివాళ్ళకి కూడా నోటికొచ్చు. అధికారం గురించి అంతకంటే పెద్ద పాఠం ఏముంది, అందులో అర్థంకాని మాట ఏముంది? అంతకు ముందే ఆయన చేసిన ప్రయోగం చూడండి. అప్పటికి తెలుగు కావ్యమంటే పద్యం, మధ్యలో వచనం. ఆ వచనమే లేకుండా మొత్తం పద్యాల్లో ఉత్తర రామాయణం రాసి 'నిర్వచనోత్తర రామాయణం' అని పేరులోనే ఆ ప్రయోగం చెప్పుకున్నాడు. పదమూడో శతాబ్దంలో, మా పెన్న ఒడ్డున, ప్రయోగం, అనువాదం, అధికారం ముగ్గురు మనుషులవి కావు, ఒక్కడి పనే.

ఇంకో సంగతి, వ్యాసుడు రాసిన పుస్తకమే అయినా మనం దాన్ని కవిత్రయ భారతం అంటాం, తిక్కన భారతం అంటాం. తెనిగించినవాడి పేరే పుస్తకానికి పేరయింది. అలాంటి భాషలో ఈ రోజు అనువాదకుడి పేరు ఎక్కడో లోపలి పేజీలో చిన్నక్షరాల్లో వెతుక్కోవాలి. కొన్నేళ్ళ కింద నేను అధికారం మీద ఒక వ్యాసాన్ని, రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని తెలుగు చేసి ఒక పత్రికకు పంపాను. అచ్చయింది, మూల రచయిత పేరు పెద్దగా ఉంది, నా పేరు లేదు. ఫోన్ చేస్తే "అనువాదమే కదండీ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. డబ్బు ఇవ్వకపోయినా బాధపడేదాన్ని కాను.

దువ్వూరి రామిరెడ్డి గారి సంగతి తలుచుకుంటే ఆ బాధ ఇంకా ఎక్కువవుతుంది. ఉమర్ ఖయ్యాంని తెలుగు చేయాలనుకుంటే ఇంగ్లిషు పుస్తకం పక్కన పెట్టుకుని రాసేయొచ్చు, అందరూ మెచ్చుకునేవాళ్ళు కూడా. మన జిల్లా పల్లెటూరి రైతు కుటుంబంలో పుట్టిన ఆయన పారశీకం నేర్చుకుని నేరుగా ఆ భాషలోంచే 'పానశాల' రాశారు. ఇదంతా యూనివర్సిటీలో కూర్చుని చేసిన పని కాదు.

పఠాభి గారిని మీ వ్యాసం తలుచుకోనైనా లేదు. తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, నెల్లూరు మనిషి, 1939లో 'ఫిడేలు రాగాల డజన్' తెచ్చాడు. పద్యాల నడుములు విరగ్గొడతానని, చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని దండిస్తానని అందులోనే ప్రకటించుకున్నాడు. ఇప్పటికీ ఆ మాటలు చెప్పి పిల్లాడి అల్లరి అని నవ్వేస్తారు. నేను అలా చదవను. వ్యాకరణం ఒక కట్టడి, దాన్ని కాపాడేవాళ్ళకి పలుకుబడి ఉంది, ఆ పలుకుబడిని నిలదీస్తున్నాడు. ఏ మాట కవిత్వంలోకి రావచ్చు, ఏది రాకూడదు, ఆ సంగతి తేల్చేది ఎవరు? ఇది అచ్చంగా అధికారం గురించిన ప్రశ్నే. ఆ తర్వాత ఆయన సినిమాల్లోకి వెళ్ళాడు, కన్నడంలో 'సంస్కార' తీశాడు, దానికి జాతీయ అవార్డు వచ్చింది. ఎమర్జెన్సీలో ఆయన భార్య స్నేహలతారెడ్డిని బెంగళూరు జైల్లో పెట్టారు. ఉబ్బసం మనిషి. విచారణ లేకుండా నెలల తరబడి ఉంచారు. 1977 జనవరిలో పెరోల్ మీద బయటికి వచ్చిన కొద్ది రోజులకే చనిపోయింది. జైల్లో ఆమె రాసుకున్న డైరీ మిగిలింది. ఆ ఇంటి కథ చదివినవాళ్ళు ప్రయోగ కవిత్వాన్నీ అధికారాన్నీ వేరువేరు అరల్లో పెట్టలేరు.

కందుకూరు పక్క లింగసముద్రం నుంచి వచ్చిన మహాస్వప్న దిగంబర కవుల ఆరుగురిలో ఒకరు. వాళ్ళు మొదటి సంపుటిని 1965 మే నెలలో హైదరాబాదులో అర్ధరాత్రి పూట ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ తర్వాతి వాటికి విజయవాడలో హోటల్ పనివాడిని, విశాఖలో బిచ్చగత్తెని పిలిచారు. ఆ కవిత్వంలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, ఆడవాళ్ళ గురించి వాడిన మాటలు కొన్ని ఇప్పటికీ మింగుడు పడవు. కానీ పుస్తకం మీద రిబ్బను విప్పే చెయ్యి ఎవరిదై ఉండాలి అని వాళ్ళు అడిగిన ప్రశ్న మాత్రం బోర్దియూ చదవకముందే అడిగింది.

వీటన్నిటికంటే నాకు బలమైన సాక్ష్యం దూబగుంట. కలిగిరి మండలంలో పల్లె. అక్షరాస్యత ఉద్యమం అప్పుడు రాత్రి బడుల్లో ఆడవాళ్ళకి ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, తాగుడు వల్ల కాపురం కూలిపోయిన మనిషి కథ. పలకా బలపం పట్టుకుని ఆ పాఠం చదివిన ఆడవాళ్ళు, ఇది మా కథే గదా అనుకున్నారు. రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడ్డారు. సారా కొట్టు మూయించారు. తర్వాత దూబగుంట సంగతే ఇంకో పాఠమై మిగతా ఊళ్ళకి పోయింది. 1992లో జిల్లా అంతా లేచింది, సారా వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా వేయాల్సి వచ్చింది, 1993 అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు. అప్పుడు నేను బడికి పోయే పిల్లని. మా వీధిలో ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని గుంపుగా పోతుంటే అరుగు మీద నిలబడి చూశాను. ఆ పాఠంలోనే 'మద్యపాన వ్యసనపరత్వ సామాజిక పర్యవసానములు' అని రాసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ వాచకం రాసినవాళ్ళు ఆ ఆడవాళ్ళ నోట్లో మాటలు ఏరి వాళ్ళ చేతికే ఇచ్చారు. అధికారం మీద తెలుగులో వచ్చిన పుస్తకాల్లో అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఆ పల్చటి వాచకమే అని నేననుకుంటాను.

ప్రయోగ కవిత్వాన్ని అనువాదం చేయడం కుదరదు అని మీ వ్యాసంలో ఒక వాక్యం ఉంది. దాని గురించి కూడా ఒక్కటి చెప్పాలి. అమెరికన్ కవి కమింగ్స్‌ది 1958 నాటి చిన్న కవిత ఉంది. ఒంటరితనం అనే మాటని చీల్చి, దాని మధ్యలో బ్రాకెట్లు పెట్టి ఆకు రాలడాన్ని ఇరికించాడు, అక్షరాలు రెండేసి మూడేసి చొప్పున కిందికి దిగుతాయి. ఇంగ్లిషులో ఆ మాట కడుపులో 'ఒకటి' అనే మాట దాక్కుని ఉంటుంది, చీల్చినప్పుడు అది బయటపడుతుంది. అదే అందులో కిటుకు. పోయిన సంక్రాంతి సెలవుల్లో నేనూ మా అమ్మాయీ వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని దీన్ని తెలుగు చేయబోయాం. మొదట్లో చాలా ఇబ్బంది. ఇంగ్లిషు అక్షరాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ విరవచ్చు, మన అక్షరానికి గుణింతం అతుక్కుని ఉంటుంది, వత్తు కింద వేలాడుతుంది, విరిస్తే చదవలేం. రాలుతోంది అన్న మాటలో 'తోం' దగ్గర విరిచి చూస్తే మెతుకు గొంతుకి అడ్డం పడినట్టుంది. "రాలింది అందామమ్మా, తేలిగ్గా పడుతుంది" అంది మా అమ్మాయి. పదో కాగితం మీద అదే కనిపెట్టింది: "అమ్మా, ఒంటరిలో ఒంటి ఉంది!" ఒంటి అంటే ఒకటే. ఒంటికాలు, ఒంటిపూట, ఒంటి మనిషి. 'ఒం' దగ్గర విరిచి, ఆకు కిందికి రాల్చి, ఆ కింద 'టరితనం' పెట్టాం. మూలంలో ఉన్నదంతా రాలేదు, కానీ ఆ 'ఒకటి' వచ్చింది. గ్యాస్ మీద పాలు పొంగిపోయాయి, చూసుకోలేదు.

అనువాదం చేసేవాడు చేసే పని ఇదే ఎడిటర్ గారూ, వెబర్ అయినా కమింగ్స్ అయినా. మాట కడుపులో ఏముందో చూడటం, మన మాటల్లో అలాంటి కడుపు ఉన్న మాట వెతకడం. కవిత్వంతో పని లేనివాళ్ళు శాస్త్రాన్ని తెలుగు చేయబట్టే పదాలకి బదులు పదాలు పేర్చేసి ఊరుకుంటున్నారు. పారిభాషిక పదాలే వద్దని అనడం లేదు. ప్రజాస్వామ్యం అనే మాట కూడా ఒకప్పుడు కొత్తదే, ఇప్పుడు టీ కొట్టు దగ్గర వినబడుతుంది. కానీ కొత్త మాట పుట్టించే ముందు, ఉన్న మాటలన్నీ ఒకసారి తడిమి చూసుకోవాలి. ఆ తడిమే ఓపిక కవులకి ఉంటుంది.

కాబట్టి నేను అడిగేవి రెండు మూడు ఉన్నాయి. ఆ పేజీలో చోటు తగ్గించకండి. ఏ అనువాదం గురించి రాసినా, పుస్తకం పేరు పక్కనే అనువాదకుడి పేరు వేయండి, ఇది మీకు ఖర్చు లేని పని. వారానికి ఒక్క మాట తీసుకుని, దీనికి మీ ఊళ్ళో ఏమంటారు అని పాఠకుల్ని అడగండి. దురాయి లాంటి మాటలు ఎన్ని బయటికొస్తాయో చూద్దురు గానీ. గ్రంథాలయ సెస్సు కట్టే ప్రతి ఊరివాళ్ళకీ ఈ పుస్తకాలు లైబ్రరీలో ఉండాలని అడిగే హక్కు ఉందని కూడా రాయండి. మా పిల్లలు లైబ్రరీకి పోతే పోటీ పరీక్షల గైడ్లు తప్ప ఏమీ దొరకడం లేదని చెబుతున్నారు.

చివరి బెంచీ పిల్లాడు దురాయి మీద రెండు పేజీలు రాసిచ్చాడు. నేను అక్షర దోషాలు మాత్రం దిద్దాను, మాట మార్చలేదు. వెబర్ చెప్పిన ఆ ఒప్పుదలకి వాడు 'ఊరి మనసు' అని రాశాడు. ముందు అది సరిపోదని కొట్టేయబోయి ఆగాను. వాడి అనుమతితో ఆ రెండు పేజీలు ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను. బాగుందనిపిస్తే వేయండి. వేస్తే వాడి పేరు మాత్రం తప్పకుండా వేయండి.

ఇట్లు,
పొలిటికల్ సైన్స్ లెక్చరర్,
కావలి, నెల్లూరు జిల్లా